చోడి అంబలి మానేస్తే కళ్ళు నిలుస్తాయా?

గాజువాక నుంచి ఒక సోదరి రాశారు. పేరు వేయవద్దన్నారు. వయసు 31. భర్తకు 35, ఆమెకు స్వయానా మేనత్త కొడుకు. ఇంటికి దగ్గర్లోని ఒక ఫ్యాక్టరీలో షిఫ్ట్ సూపర్‌వైజర్. నాలుగేళ్ళ పాప ఉంది. భర్తకు చిన్నప్పటి నుంచీ రాత్రిపూట చూపు తక్కువే. రేచీకటి అనుకుని బొప్పాయి, క్యారెట్, మేక కార్జం పెట్టి ఊరుకున్నారు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను వచ్చి ఊరంతా కరెంటు పోయిన రోజుల్లో, ఇంట్లో అందరూ ఆ చీకట్లోనే పనులు చేసుకుంటుంటే ఆయన మాత్రం సొంతింటి గుమ్మం తడుముకుంటూ వెతుక్కున్నారట. నిరుడు డాక్టర్లు రెటినైటిస్ పిగ్మెంటోసా అని తేల్చారు. అంటే కంటి వెనక వెలుతురును పట్టుకునే రెటీనా అనే పొర మెల్లగా దెబ్బతినే జన్యు జబ్బు. రక్తపరీక్షలో పీడీఈ6బీ అనే జన్యువు రెండు ప్రతుల్లోనూ తప్పు ఉందని వచ్చింది.

ఆ తర్వాత ఇంట్లో మొదలైన గొడవే ఆ ఉత్తరంలో ఎక్కువ భాగం. బంధువొకాయన ఎక్కడో చదివి, "ఈ జబ్బులో కంటి కణాల్లో కాల్షియం పేరుకుపోతుంది, దాంతో కణాలు చచ్చిపోతాయి" అని చెప్పారు. అప్పటి నుంచి ఆరు నెలలుగా ఆయనకు పాలు, పెరుగు, చోడి (రాగి) అంబలి, నెత్తళ్ళు అన్నీ బంద్. వెలుతురులో కాల్షియం తగ్గుతుందని కూడా ఆ బంధువే చెప్పడంతో పడకగదిలో రాత్రంతా ట్యూబ్‌లైట్ వెలుగుతోంది, పాపకు నిద్ర లేదు. ఇంకో బంధువు తన గుండె జబ్బుకు వాడే డిల్టియాజెమ్ మాత్రల స్ట్రిప్ తెచ్చిచ్చి, "ఇది కాల్షియం దారులు మూసేస్తుంది" అన్నారు. అది బీరువాలో ఉంది. మణికట్టు విరిగినప్పుడు డాక్టరు రాసిన కాల్షియం మాత్రలు అత్తగారు కూడా మానేశారు. "వాడికి చిన్నప్పుడు రోజూ చోడి అంబలి పోసింది నేనే, వాడి కళ్ళు నేనే తీశాను" అని ఏడుస్తున్నారు. భర్త ఫ్యాక్టరీలో ఎవరికీ చెప్పలేదు. బి షిఫ్ట్ దిగి రాత్రి పదిన్నరకు బండి మీద వస్తున్నారు. "పాపకు పాలు ఇవ్వాలా, మానాలా? రెండో బిడ్డ గురించి ఆలోచించాలా, వద్దా? ఎవరి మాట వినాలో తెలియడం లేదు" అని ఉత్తరం ముగించారు.

అమ్మా, ముందు పాపకు పాలు ఇవ్వండి. ఈ పూటే ఇవ్వండి. మిగతాది తర్వాత చదువుకోవచ్చు.

మీ బంధువు చెప్పింది పూర్తిగా అబద్ధం కాదు. అందుకే మీ ఇంట్లో ఎవరూ ఎదురు చెప్పలేకపోయారు. కంటి కణంలోని కాల్షియం గురించి ఆయన చదివింది చాలావరకు నిజమే. దాన్ని తీసుకొచ్చి కంచానికి ముడిపెట్టడం దగ్గరే తప్పు జరిగింది. ఆ ముడి విప్పాలంటే కణం లోపల ఏం జరుగుతుందో కొంచెం వివరంగా చెప్పాలి. నేను చాలా ఏళ్ళు వైద్య విద్యార్థులకు శరీరధర్మశాస్త్రం చెప్పాను. ఈ పాఠం నాకు చాలా ఇష్టం. ఒక ఇంట్లో భయం తగ్గించడానికి దీన్ని చెప్పవలసి వస్తుందని మాత్రం ఎప్పుడూ అనుకోలేదు.

రెటీనాలో వెలుతురును పట్టుకునే కణాలు ముఖ్యంగా రెండు రకాలు. మసక వెలుతురులో పనిచేసేవి దండకణాలు, ఒక్కో కంటిలో తొమ్మిది పది కోట్లు ఉంటాయి. పగటి వెలుతురుకీ రంగులకీ శంకుకణాలు, ఇవి అరకోటి దాకా ఉంటాయి. మీ వారిలో తప్పున్న జన్యువు దండకణాలు వాడుకునేది. రాత్రి చూపు ముందు పోవడానికి కారణం అదే.

దండకణం చీకట్లో ఊరికే కూర్చోదు. దాని గోడలో సన్నని తలుపులు ఉంటాయి. చీకట్లో అవి కొన్ని తెరిచే ఉంటాయి. వాటిని తెరిచి పట్టుకునేది సైక్లిక్ జీఎంపీ అనే చిన్న అణువు. ఆ తలుపుల్లోంచి సోడియం, దాని వెంట కొంత కాల్షియం లోపలికి వస్తూనే ఉంటాయి. ఆ పక్కనే తోడిపోసే ఏర్పాటు కూడా ఉంది. ఒక ప్రోటీన్ నాలుగు సోడియం అయాన్లను లోపలికి రానిచ్చి, ఆ ఊపుతో ఒక కాల్షియాన్నీ ఒక పొటాషియాన్నీ బయటికి నెడుతుంది. మీరు ఫిషింగ్ హార్బర్‌లో చెక్క బోట్లు చూసే ఉంటారు. ఎంత బాగా కట్టిన బోటులోకైనా ఎక్కడో ఓ చోట నీళ్ళు ఊరుతాయి. వాళ్ళు తోడిపోస్తూనే ఉంటారు. వచ్చే నీళ్ళు, తోడే నీళ్ళు సమానంగా ఉన్నంతసేపు బోటుకు ఏమీ కాదు. చీకట్లో దండకణం పరిస్థితి సరిగ్గా అదే.

ఇప్పుడు వెలుతురు పడిందనుకోండి. వెలుతురును పట్టే రొడాప్సిన్ అనే ప్రోటీన్ మేల్కొంటుంది, అది పక్కదాన్ని తడుతుంది, అది ఇంకోదాన్ని తడుతుంది, చివరికి పీడీఈ6 అనే ఎంజైము లేస్తుంది. ఈ ఎంజైము కత్తెర లాంటిది. సైక్లిక్ జీఎంపీని తెంపేస్తుంది. పట్టుకునేవాళ్ళు లేక తలుపులు మూసుకుంటాయి. తోడటం మాత్రం ఆగదు. అందుకని లోపలి కాల్షియం గబగబా పడిపోతుంది. ఎలుకల దండకణాల్లో కొలిచి చూస్తే, చీకట్లో ఉన్నదాంట్లో సుమారు పదో వంతుకు దిగింది.

ఆ పడిపోవడమే కణానికి కబురు. కాల్షియం నిండుగా ఉన్నంతసేపు సైక్లిక్ జీఎంపీ తయారీ మీద బ్రేకు పడి ఉంటుంది. కాల్షియం తగ్గగానే కొన్ని కాపలా ప్రోటీన్లు ఆ బ్రేకు వదిలేస్తాయి, తయారీ పుంజుకుంటుంది, తలుపులు మళ్ళీ తెరుచుకుంటాయి. కణం ఇంకో వెలుగును చూడడానికి సిద్ధమవుతుంది. శంకుకణాల్లోనూ ఇలాంటి ఏర్పాటే ఉంది. ఆర్కే బీచ్‌లో కురుసుర సబ్‌మెరైన్ లోపల తిరిగి మిట్టమధ్యాహ్నం ఎండలోకి వస్తే ఒక్క క్షణం కళ్ళు జిగేల్మని, మరుక్షణం సముద్రం మామూలుగా కనిపిస్తుంది కదా. అంత త్వరగా సర్దుకోవడంలో ఈ కాల్షియం పాత్ర పెద్దది. అంటే కంటి కణానికి కాల్షియం విషం కాదు, అదొక కొలబద్ద. వెలుతురు ఎంతుందో చూసుకుని కణం తనను తాను సరిదిద్దుకునేది దానితోనే.

ఇంకో మాట కూడా చెప్పాలి. ఒకప్పుడు పెద్ద పెద్ద శాస్త్రవేత్తలే దీన్ని తలకిందులుగా అనుకున్నారు. వెలుతురు పడితే కణంలో కాల్షియం పెరిగి అది తలుపులు మూస్తుందని 1970లలో చాలామంది నమ్మారు. తలుపులను తెరిచేది నేరుగా సైక్లిక్ జీఎంపీయేనని 1985లో సోవియట్ యూనియన్‌లో ఫెసెంకో బృందం చూపించింది. వెలుతురులో కాల్షియం తగ్గుతుందని కూడా ఆ రోజుల్లోనే తేలింది. కాబట్టి మీ బంధువు పొరబడ్డారని ఆయన మీద కోపం పెట్టుకోకండి. ఆయన చదివింది నిజంగానే చిక్కు విషయం.

మీ వారి దగ్గరకు వద్దాం. ఆయన దండకణాల్లో ఆ కత్తెర సరిగా లేదు. పీడీఈ6బీ జన్యువు తయారుచేసేది ఆ కత్తెరలో ఒక ముక్కనే. కత్తెర పనిచేయకపోతే సైక్లిక్ జీఎంపీ పేరుకుంటుంది, తలుపులు మూసుకోవాల్సినప్పుడు మూసుకోవు, కాల్షియం వస్తూనే ఉంటుంది, తోడేది చాలదు. కణాన్ని అసలు చంపేది ఆ కాల్షియమా, పేరుకున్న సైక్లిక్ జీఎంపీ కణం లోపల చేసే వేరే పనులా అన్నది ఇప్పటికీ వాదనలోనే ఉంది. ఏదైనా కావచ్చు, మూలం మాత్రం కత్తెరలోనే ఉంది. దండకణాలు పోయాక వాటి ఆసరా లేక శంకుకణాలు కూడా మెల్లగా దెబ్బతింటాయి. పక్క చూపు తగ్గుతూ చివరికి గొట్టంలోంచి చూసినట్టు అయ్యేది అందుకే.

ఇప్పుడు చోడి అంబలి మాట. కణం బయట ఉన్న కాల్షియం సముద్రమనుకోండి. కణం లోపల ఉన్నదానికంటే బయట కొన్ని వేల రెట్లు ఎక్కువ ఉంటుంది. అంబలి మానేయడమంటే బోటుకు పడిన చిల్లును వదిలేసి సముద్రంలోంచి చెంబుడు నీళ్ళు తీసి ఒడ్డున పోయడమే. ఆ చెంబుడు కూడా నిజానికి తగ్గదు. మెడలో, థైరాయిడ్ గ్రంథి వెనక, బియ్యపు గింజంత గ్రంథులు సాధారణంగా నాలుగు ఉంటాయి. రక్తంలో కాల్షియం కాస్త తగ్గినా అవి పసిగట్టి ఎముకల్లోంచి తీసి నింపేస్తాయి. ఒంట్లోని కాల్షియంలో 99 శాతం ఎముకల్లోనే ఉంది. ఆరు నెలలుగా మీ వారు మానేసిన పాలు, పెరుగు ఆయన కళ్ళకు ఒరగబెట్టింది ఏమీ లేదు. లోటు వచ్చిందంటే ఆ బాకీ ఎముకలు తీరుస్తున్నాయి. పెద్దవాళ్ళకు రోజుకు 1000 మిల్లీగ్రాముల కాల్షియం కావాలని మన జాతీయ పోషకాహార సంస్థ చెబుతోంది. వంద గ్రాముల చోళ్ళలో సుమారు 350 మిల్లీగ్రాములు ఉంటుంది. మళ్ళీ మొదలుపెట్టండి. నెత్తళ్ళు కూడా.

ట్యూబ్‌లైట్ సంగతి. వెలుతురులో కాల్షియం తగ్గుతుందన్నది ఆరోగ్యంగా ఉన్న కణం మాట. వెలుతురు తన పని చేసేది కత్తెర ద్వారానే. ఆ కత్తెరే సరిగా లేని దండకణంలో, రాత్రంతా లైటు వేసినా తలుపులు మూసుకోవు. ఆర్పేయండి. బాత్రూమ్ దారిలో చిన్న బల్బు ఒకటి వెలిగించి ఉంచితే ఆయనకు తడుముకునే పని తప్పుతుంది. పగలు ఎండలో నల్ల కళ్ళద్దాలు పెట్టుకోమనండి. అది ఈ జబ్బున్నవాళ్ళకు డాక్టర్లు మామూలుగా చెప్పే మాటే.

బీరువాలో ఉన్న మాత్రల గురించి మాత్రం నాకు నిజంగా టెన్షన్‌గా ఉంది. ఆ ఆలోచన గాల్లోంచి రాలేదు. ఇదే జన్యువులో తప్పున్న ఎలుకలకు డిల్టియాజెమ్ ఇస్తే దండకణాలు కొంత నిలిచాయని 1999లో ఒక పరిశోధన వచ్చింది. చాలామంది ఆశపడ్డారు. తర్వాత వేరే బృందాలు అదే రకం ఎలుకల మీద చేసి చూస్తే ఆ ఫలితం రాలేదు. పైగా ఆ మందు గుండె వేగాన్నీ బీపీనీ తగ్గిస్తుంది. గుండె బాగున్న మనిషి తనంతట తాను వేసుకుంటే కళ్ళు తిరిగి పడిపోవచ్చు. ఎక్కడ? ఫ్యాక్టరీలో మెట్ల మీద కావచ్చు, బండి మీద కావచ్చు. ఇంకోటి కూడా ఆలోచించండి. దండకణం తాను చూసిన సంగతిని తర్వాతి కణానికి అందించేది కింది కొసన ఉండే వేరే రకం కాల్షియం దారుల ద్వారానే. ఆ దారులు పుట్టుకతో పాడైన వాళ్ళకు కూడా చూపు ఇబ్బందులే వస్తాయి. "కాల్షియం దారులు మూసేయడం" అంత తేలిక విషయం కాదు. ఆ స్ట్రిప్ ఇచ్చినాయనకు తిరిగి ఇచ్చేయండి, అది ఆయన గుండెకు అవసరం.

అత్తయ్యగారి గురించి కాస్త ఎక్కువ రాస్తాను, ఏమీ అనుకోకండి. మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ బాధపెట్టింది ఆవిడ మాటే. తను ప్రేమగా పోసిన అంబలే కొడుకు కళ్ళు తీసిందని ఒక తల్లి నమ్ముతూ రోజూ నిద్రపోవడం ఎంత నరకమో ఊహించగలను. ఆవిడకు ఈ మాట స్పష్టంగా చెప్పాలి: మీ వారు కడుపులో పడిన రోజే ఆ కత్తెర అలా రాసి ఉంది. అంబలి పోసినా పోయకపోయినా అది మారేది కాదు. ఆ అంబలి ఆయన ఎముకలను గట్టిగా నిలబెట్టింది. అయితే ఈ మాట చెప్పేటప్పుడు ఒక జాగ్రత్త కావాలి. "అంబలి కాదు, మీ రక్తంలోంచి వచ్చింది" అన్నట్టు వినిపిస్తే ఒక నేరం తీసేసి ఇంకో నేరం నెత్తిన పెట్టినట్టవుతుంది. ఈ జబ్బు రావాలంటే అమ్మ నుంచి ఒక తప్పు ప్రతి, నాన్న నుంచి ఒక తప్పు ప్రతి రావాలి. ఒక్క ప్రతి ఉన్నవాళ్ళకు చూపు బాగానే ఉంటుంది కనుక తమ దగ్గర అది ఉందని ఆవిడకూ మామగారికీ తెలిసే దారే లేదు. ఇది మీరు చెప్పడం ఒక పద్ధతి. కొడుకే అమ్మ పక్కన కూర్చుని, "అమ్మా, అంబలి పోస్తావా" అని అడగడం ఇంకో పద్ధతి. నాకు రెండోదే బాగా పనిచేస్తుందనిపిస్తుంది. ఆవిడ మణికట్టు ఒకసారి విరిగింది కాబట్టి, మాత్రలు మళ్ళీ ఎలా మొదలుపెట్టాలో రాసిన డాక్టరునే ఈ వారంలో అడగండి. ఆ వయసులో తుంటి విరిగితే కోలుకోవడం చాలా కష్టం.

ఇక బండి. ఇక్కడ నేను ఆజ్ఞ ఇవ్వను, జరగబోయేది మాత్రం చెబుతాను. పక్క చూపు తగ్గిన మనిషికి తను ఏం చూడడం లేదో తెలియదు. నల్లటి మచ్చ కనిపించదు, అసలేమీ లేనట్టే ఉంటుంది. అడ్డొచ్చిన ఆవు, పక్క సందులోంచి దూసుకొచ్చే ఆటో గుద్దుకునేదాకా ఆయన లోకంలో లేవు. ఇన్నాళ్ళూ ఏమీ కాలేదన్నది అలవాటైన దారి వల్లే. రాత్రి బండి మానాలంటే ఫ్యాక్టరీ బస్సో, తోటి ఉద్యోగి బండి వెనక సీటో చూసుకోవాలి. అలా చూసుకుంటే ఎవరో ఒకరికి కారణం చెప్పాల్సి వస్తుంది. ఆయన వెనకాడేది బహుశా అక్కడే.

ఫ్యాక్టరీలో చెప్పాలా వద్దా అన్నదానికి రెండు దారులూ కష్టమే. చెప్పకపోతే ఈ నెల జీతానికి ఢోకా ఉండదు. కానీ నైట్ షిఫ్టులో ఏదైనా ప్రమాదం జరిగితే, అప్పుడు "ముందే తెలిసి దాచాడు" అన్న మాట వస్తుంది. సూపర్‌వైజర్ కనుక ఆ ప్రమాదం ఇంకొకరికి కూడా జరగవచ్చు. చెబితే పగటి షిఫ్టుకో, ఆఫీసు పనికో మార్చవచ్చు. కొందరు జాలి చూపవచ్చు, ప్రమోషన్ ఆగవచ్చు. సంస్థ ప్రభుత్వానిదైతే, ఉద్యోగంలో ఉండగా వైకల్యం వచ్చిన మనిషిని తీసేయడానికి గానీ హోదా తగ్గించడానికి గానీ 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ఒప్పుకోదు. అవసరమైతే అదే జీతంతో వేరే పనికి మార్చాలంటుంది. ప్రైవేటు సంస్థకు ఆ సెక్షన్ వర్తించదు, అందుకే చెప్పే ముందు తయారీ కావాలి. చూపు వైశాల్యం కొలిచే ఫీల్డ్ టెస్ట్ చేయించుకుని రిపోర్టు దగ్గర పెట్టుకోండి. మంచి కంటిలో కూడా చూపు వైశాల్యం 40 డిగ్రీలకంటే తక్కువ ఉంటే ఆ చట్టం ప్రకారం అది అల్పదృష్టి కిందకు వస్తుంది. ఆ కాగితం చేతిలో ఉంటే మాట్లాడే తీరే వేరుగా ఉంటుంది. మీరు చెప్పమని పోరితే ఆయన ఇంకా ముడుచుకుపోతారేమో. రిపోర్టు వచ్చిన రోజు ఆయన్నే అడగండి, ముందు ఎవరికి చెబితే ఆయనకు తేలిగ్గా ఉంటుందో.

పాప, రెండో బిడ్డ. మీ నాన్నగారు, మీ అత్తయ్య తోబుట్టువులు. ఆవిడ దగ్గర ఆ తప్పు ప్రతి ఉంది కాబట్టి మీ నాన్నగారి దగ్గర ఉండే అవకాశం సగం, మీ దగ్గర ఉండే అవకాశం అందులో సగం, అంటే నాలుగింట ఒకటి. మామగారి వైపు కూడా చుట్టరికం ఉంటే లెక్క మారుతుంది. మీ దగ్గర లేదని తేలితే పిల్లలకు ఈ తప్పు వల్ల జబ్బు రాదు, ఆయన దగ్గరున్న ప్రతి ఒకటి మోస్తారు, అంతే. ఉందని తేలితే ప్రతి బిడ్డకూ సగానికి సగం. ఏ ప్రతిలో ఏ తప్పో ఆయన రిపోర్టులో ఉంది కాబట్టి మీకు చేసే పరీక్ష కష్టమైనదేమీ కాదు. చేయించుకుంటే రెండో బిడ్డ గురించి తెలిసి నిర్ణయించుకోవచ్చు. ఉందని వస్తే మాత్రం పాపను చూసినప్పుడల్లా ఆ సగం గుర్తొస్తుంది, దానికి మనసు సిద్ధం కావాలి. చేయించుకోకుండా ఉండే హక్కూ మీకుంది. అప్పుడు పాప కళ్ళను క్రమం తప్పకుండా చూపిస్తూ ఉండండి. పాపకే జన్యు పరీక్ష చేయించాలా అన్నది తొందరపడి తేల్చకండి, జన్యు సలహాదారుతో మాట్లాడాక చూడవచ్చు. మేనరికం చేసుకున్నందుకు ఒకరినొకరు అనుకునే మాటలు మీ ఇంట్లో మొదలైతే వెంటనే ఆపండి. ఆ పెళ్ళి జరిగినప్పుడు ఈ రిపోర్టు ఎవరి దగ్గరా లేదు.

మందు ఉందా అని మీరు అడగలేదు, అడగడానికి భయపడ్డారనుకుంటాను. ఆర్‌పీఈ65 అనే వేరే జన్యువు తప్పుకు 2017 డిసెంబరులో అమెరికాలో జన్యు చికిత్సకు అనుమతి వచ్చింది. అది మీ వారి తప్పుకు పనికిరాదు. పీడీఈ6బీకి కూడా మంచి ప్రతిని కంటిలోకి పంపే ప్రయోగం ఫ్రాన్స్‌లో మనుషుల మీద మొదలైంది. ఆశ పెట్టుకోండి, కానీ "గ్యారంటీగా నయం చేస్తాం" అని డబ్బు అడిగేవాళ్ళ దగ్గరకు వెళ్ళకండి. విటమిన్ ఎ మాత్రలు కూడా సొంతంగా వేసుకోవద్దు, ఎక్కువైతే కాలేయం పాడవుతుంది. మీరు గర్భం అనుకుంటున్నారు కనుక పెద్ద డోసులు మీరు అసలు ముట్టుకోకూడదు.

విశాఖలోనే పెదవాల్తేరులో ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆసుపత్రి ఉంది, హనుమంతవాక దగ్గర ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి ఉంది. వెళ్ళినప్పుడు మూడు అడగండి: ఫీల్డ్ టెస్ట్, అల్పదృష్టి ఉన్నవాళ్ళకు ఇచ్చే శిక్షణ, జన్యు సలహా. రెటీనా నడిమధ్యన ఉండే మచ్చ ప్రాంతంలో (మాక్యులా) వాపు గానీ శుక్లం గానీ వచ్చిందేమో కూడా చూడమనండి. ఈ జబ్బున్నవాళ్ళలో అవి తరచుగా వస్తాయి, వాటికి వైద్యం ఉంది. పాపను కూడా అదే రోజు చూపించండి. ఇద్దరికీ చుక్కలు వేస్తారు కాబట్టి కొన్ని గంటలు చూపు మసకగా ఉంటుంది. ఉదయం పూటే వెళ్ళండి, వచ్చేటప్పుడు బండి వద్దు, ఆటోలో రండి.